పోర్షే 917 రేసుల చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రేసు కార్ల మాట వస్తే చాలు, కబుర్లు తిరిగి తిరిగి 917 దగ్గరికే వస్తాయి. నీలం, నారింజ రంగుల బొమ్మ కారుగా చూసినవాళ్ళు కొందరు, కంప్యూటర్ గేముల్లో నడిపినవాళ్ళు కొందరు, ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్నవాళ్ళు కొందరు. ప్రశ్నలు మాత్రం అందరివీ దాదాపు అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు. పురుగుల కథ ఒక్కటీ వదలకండి.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏమిటీ 917?

ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్స్ 24 గంటల రేసులో పోర్షేకి మొట్టమొదటి ఓవరాల్ గెలుపు తెచ్చిన కారు. 1970లో ఒకసారి, వెంటనే 1971లో మరోసారి గెలిచింది. పోర్షే 1951 నుంచీ ఆ రేసుకి వెళ్తూనే ఉంది. చిన్న ఇంజిన్ల తరగతుల్లో కప్పులు తెచ్చుకుంటూనే ఉంది. మొత్తం మీద మొదటి స్థానం మాత్రం ఫెరారీకో ఫోర్డుకో పోయేది. ఆ లెక్క మార్చింది 917. ఇంతా చేస్తే, పుట్టిన ఏడాది దీన్ని నడపమంటే సొంత డ్రైవర్లే మొహం చాటేశారు.

దీన్ని ప్రొటోటైప్ అనొచ్చా? కొందరు కాదంటారేం?

చూడ్డానికి నూటికి నూరుపాళ్ళు ప్రొటోటైప్, అంటే అచ్చంగా రేసు కోసమే కట్టిన కారు. కాగితాల మీద మాత్రం స్పోర్ట్స్ కారు. తిరకాసంతా అక్కడే ఉంది.

1968లో కార్ల రేసుల అంతర్జాతీయ సమాఖ్య ప్రొటోటైప్‌ల ఇంజిన్‌ను 3 లీటర్లకు కట్టడి చేసింది. లే మాన్స్‌లో ఫోర్డు 7 లీటర్ల కార్ల వేగం చూసి బెదిరిపోయి చేసిన పని అది. స్పోర్ట్స్ కార్లకు మాత్రం 5 లీటర్ల దాకా అనుమతి ఇచ్చింది, కనీసం 50 కార్లు తయారై ఉంటేనే. ఫోర్డ్ జీటీ40, లోలా టీ70 లాంటి కార్లు బరిలో మిగలాలని ఆ వెసులుబాటు. అప్పటికీ రేసులకు కార్లు చాలక, 50ని 25కి తగ్గించారు.

అసలు సిసలు రేసు కారును ఒకేసారి పాతిక తయారు చేసేంత పిచ్చివాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోలేదు. పోర్షేలో డెవలప్‌మెంట్ విభాగం ఫెర్డినాండ్ పియెక్ చేతిలో ఉంది. ఫెర్రీ పోర్షేకి మేనల్లుడు, వయసు ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. రూల్ రాసినవాళ్ళు సందు వదిలారు, ఆయన ఆ సందులోంచి 12 సిలిండర్ల బండి తోలాడు. 1968 వేసవిలో నిర్ణయం, 1969 మార్చిలో జెనీవా మోటార్ షోలో కారు. అమ్మకం ధర 140,000 జర్మన్ మార్కులు.

25 కార్లు నిజంగానే చేశారా, లెక్క చూపించారా?

చేశారు. కానీ ఎలా చేశారో వింటే నవ్వొస్తుంది.

1969 మార్చిలో ఇన్‌స్పెక్టర్లు ఫ్యాక్టరీకి వచ్చేసరికి పూర్తయినవి మూడే మూడు. 18 కార్లు బిగింపు దశలో ఉన్నాయి, ఇంకో ఏడింటికి సామాన్లు విడిగా ఉన్నాయి. పోర్షేవాళ్ళు చెప్పిన సాకు ఏమిటంటే, ఇప్పుడు బిగించినా రేసుకు ముందు ఎలాగూ అన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాలి కదా, ఎందుకూ శ్రమ అని. ఇన్‌స్పెక్టర్లు ఒప్పుకోలేదు. పాతిక కార్లు నిలబడి, నడుస్తూ కనిపించాలన్నారు.

అంతే, జుఫెన్‌హౌసెన్ ఫ్యాక్టరీలో చేతులు ఖాళీగా ఉన్నవాళ్ళందరినీ లాక్కొచ్చారు. మెకానిక్కులు సరే, అప్రెంటిస్ కుర్రాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు, సెక్రటరీలు కూడా పానాలు పట్టుకున్నారట. అందుకే ఆ తొలి విడతకు సెక్రటరీ కార్లు అనే పేరు పడింది. కొన్నిటి బిగింపు ఎంత నాజూగ్గా ఉందంటే, ఫ్యాక్టరీ గేటు దాటిస్తే చాలన్నట్టు ఉండేవి. నెల తిరిగేసరికి, ఏప్రిల్‌లో, 25 కార్లు ఫ్యాక్టరీ ముందు ఏటవాలుగా వరస కట్టి నిలబడ్డాయి. ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. కావాలంటే ఏదో ఒకటి ఎక్కి నడిపి చూసుకోండి అన్నాడు పియెక్. ఇన్‌స్పెక్టర్లు అక్కర్లేదన్నారు. వాళ్ళు సరేనని ఉంటే ఎన్ని కార్లు గేటు దాకా వెళ్ళేవో అని నాకెప్పుడూ ఒక అనుమానం. మే 1 నుంచి అనుమతి వచ్చేసింది.

ఇంజిన్‌లో అంత విశేషం ఏముంది?

హాన్స్ మెట్స్‌గర్ రూపకల్పన. 12 సిలిండర్లు, రెండు వైపులా ఆరేసి చొప్పున పడుకోబెట్టి ఉంటాయి. మొదట 4.5 లీటర్లు. నీళ్ళతో కాకుండా గాలితోనే చల్లబడుతుంది. ఇంజిన్ నెత్తిన పళ్ళెంలా తిరిగే పెద్ద ఫ్యాను చూశారా, అది అందుకే.

కొత్త ఇంజిన్‌ని సున్నా నుంచి మొదలుపెట్టే టైము లేదు. అప్పటికే చేతిలో ఉన్న 908 రేసు కారు 3 లీటర్ల ఇంజిన్‌కి 8 సిలిండర్లు. సిలిండర్ కొలతలు అవే ఉంచి, ఇంకో నాలుగు కలిపారు. అయితే పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్టు, 12 సిలిండర్లకి పొడుగైపోయి, ఒక చివర నుంచి శక్తి లాగితే మెలి తిరిగి వణుకుతుంది. మెట్స్‌గర్ మధ్యలో గేరు పెట్టి అక్కడి నుంచి శక్తి బయటికి తీశాడు. అంటే క్రాంక్ చేసే పని రెండు పొట్టి క్రాంకులు చేసినట్టే. మొదట్లోనే 500 హార్స్‌పవర్ దాటింది. తర్వాత 4.9 లీటర్లు, 1971కి 5 లీటర్లతో 630 దాకా వెళ్ళింది.

చాలామంది దీన్ని బాక్సర్ ఇంజిన్ అంటారు. ఎదురెదురు పిస్టన్లు ఒకే క్రాంక్ పిన్ను పంచుకుంటాయి కాబట్టి అది బాక్సర్ కాదు, 180 డిగ్రీలకు విప్పిన వీ12. పందెం కాయాలనుకుంటే ఈ పాయింటు గుర్తుంచుకోండి.

బరువు అంత తక్కువ ఎలా?

నిబంధన ప్రకారం కనీస బరువు 800 కిలోలు. ఆ గీతకు వీలైనంత దగ్గరగా తేవాలని గ్రాము గ్రాముకీ పీనాసితనం చూపించారు. కారు ఎముకల గూడు మొత్తం సన్నటి అల్యూమినియం గొట్టాల అల్లిక. దాని బరువు 50 కిలోలు కూడా లేదు, ఒక మనిషి ఎత్తేంత. కనెక్టింగ్ రాడ్లు టైటానియం. గేరు రాడ్డు పిడి బాల్సా చెక్క, మన పిల్లలు బడిలో విమానం బొమ్మలు చేసే ఆ తేలిక చెక్కే.

అంత సన్నటి గొట్టాలు పగిలితే? దానికొక ఉపాయం చేశారు. గొట్టాల్లో గ్యాసు నింపి, ఒక మీటరు పెట్టారు. ముల్లు పడిపోయిందంటే ఎక్కడో వెల్డింగ్ దగ్గర పగులు వచ్చినట్టు. కొన్ని గొట్టాల్లోంచి ఇంజిన్ ఆయిల్ కూడా కారు ముందున్న కూలర్ దాకా పారేది. ఇక డ్రైవర్ కాళ్ళు ముందు చక్రాల ఇరుసు కంటే కూడా ముందుకు ఉండేవి. గంటకు 300 దాటిన వేగంలో, ఫైబర్ తొడుగు వెనక, ముందు ఇరుసు దాటి కాళ్ళు చాపుకుని కూర్చోవడం. ఊహించుకోండి చాలు.

మరి డ్రైవర్లు ఎందుకు భయపడ్డారు?

తిన్నగా పోదు కాబట్టి. సూటి రోడ్డు మీద కూడా వేగం పెరిగేకొద్దీ వెనక భాగం తేలిపోయి, కారు అటూ ఇటూ ఊగేది. రోడ్డు వెడల్పంతా వాడుకుంటే గానీ నిలబడేది కాదు.

1969 మేలో బెల్జియంలోని స్పా దీని మొదటి రేసు. పోర్షే డ్రైవర్ జో సిఫెర్ ప్రాక్టీసులో నడిపి చూసి, నాకు పాత 908 చాలన్నాడు. బ్రయన్ రెడ్‌మన్‌తో కలిసి ఆ 908తోనే రేసు గెలిచాడు కూడా. 917 ఎక్కినవాళ్ళు గెర్హార్డ్ మిట్టర్, ఉడో షూట్జ్. ఇంజిన్ పాడై ఒక్క ల్యాప్‌కే కథ ముగిసింది. తర్వాతి రేసు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్, కొండల్లో మలుపులే మలుపులు. ఫ్యాక్టరీ డ్రైవర్లు ససేమిరా అన్నారు. చివరికి బయటి నుంచి డేవిడ్ పైపర్‌నీ ఫ్రాంక్ గార్డ్‌నర్‌నీ పిలిపించారు. వాళ్ళు ఓర్చుకుని నడిపి ఎనిమిదో స్థానంలో తెచ్చారు. ఆ బండికి ఆ రోజు అది పెద్ద ఘనతే.

1969 లే మాన్స్‌లో ఏం జరిగింది?

మంచీ చెడూ రెండూ. ముందు చెడు. జాన్ వుల్ఫ్ అనే బ్రిటిష్ డ్రైవర్ సొంతానికి ఒక 917 కొనుక్కున్నాడు. దాన్ని కొన్న మొదటి ప్రైవేటు మనిషి ఆయనే. అప్పట్లో లే మాన్స్‌లో జెండా ఊపగానే డ్రైవర్లు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తి, కార్లెక్కి దూసుకుపోయేవారు. ఆ హడావుడిలో బెల్టు పెట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? వుల్ఫ్ మొదటి ల్యాప్‌లోనే మెజాన్ బ్లాంష్ మలుపు దగ్గర అదుపు తప్పి చనిపోయాడు.

విచిత్రం ఏమిటంటే, ఆ పరుగు పందేనికి నిరసనగా జాకీ ఇక్స్ అనే డ్రైవర్ అదే రోజు తాపీగా నడుచుకుంటూ వెళ్ళి, బెల్టు బిగించుకుని, అందరికంటే చివర బయల్దేరాడు. 24 గంటల తర్వాత రేసు గెలిచింది కూడా ఆయనే, ఫోర్డ్ జీటీ40తో. హాన్స్ హెర్మన్ నడిపిన పోర్షే 908 కేవలం 120 మీటర్ల తేడాతో రెండోది. ఆ పరుగు స్టార్టుకి అదే ఆఖరు.

ఇక మంచి. విక్ ఎల్ఫర్డ్, రిచర్డ్ ఆట్‌వుడ్ నడిపిన 917 గంటల తరబడి అందరికంటే ముందుంది. 21వ గంటలో గేరుబాక్సు దగ్గర తొడుగు పగిలి ఆగిపోయింది. ఇంకో మూడు గంటలు నిలిచి ఉంటే ఈ పేజీ సగం రాయాల్సిన పని ఉండేది కాదు. ఆగస్టులో ఆస్ట్రియాలోని జెల్ట్‌వెగ్ దగ్గర 1000 కిలోమీటర్ల రేసులో సిఫెర్, కుర్ట్ ఆరెన్స్ దీనికి మొదటి గెలుపు తెచ్చారు.

పురుగుల కథ నిజమేనా?

నిజమే. ఈ కారు చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

1970 సీజన్‌కి పోర్షే తన రేసు పనిని జాన్ వయర్ జట్టుకు అప్పగించింది. గల్ఫ్ ఆయిల్ డబ్బుతో నడిచే బ్రిటిష్ జట్టు, 1968, 69ల్లో ఫోర్డ్ జీటీ40తో లే మాన్స్ గెలిచింది వాళ్ళే. 1969 అక్టోబరులో అందరూ జెల్ట్‌వెగ్ ట్రాక్ మీద టెస్టింగ్‌కి కలిశారు. పోర్షే ఇంజినీర్లు స్ప్రింగులు మార్చారు, షాక్ అబ్జార్బర్లు మార్చారు, టైర్లు మార్చారు. ఊగడం మాత్రం తగ్గలేదు. గాలి సొరంగంలో కొలిచి చేసిన బాడీ కదా, దాని మీద ఎవరికీ అనుమానం లేదు.

వయర్ జట్టు ఇంజినీరు జాన్ హార్స్‌మన్ కారు చుట్టూ తిరిగి చూశాడు. శరత్కాలం, ట్రాక్ చుట్టూ పచ్చిక, గాలినిండా చిన్న చిన్న దోమల్లాంటి పురుగులు. ముక్కు మీద, అద్దం మీద చచ్చిన పురుగుల మరకలు దట్టంగా ఉన్నాయి. తోక వైపుకి వస్తే ఒక్క మరక లేదు, తుడిచినట్టు శుభ్రం. అంటే అద్దం దాటాక గాలి తోకని తాకడమే లేదు, పైనుంచి ఎగిరిపోతోంది. గాలి తాకని తోక మీద నొక్కుడు బలం ఎక్కడి నుంచి వస్తుంది? వెనక చక్రాలు తేలిపోతున్నది అందుకే.

మన పల్లె మెకానిక్కు కూడా మెచ్చుకునే పని ఆ తర్వాత జరిగింది. డిజైను బల్ల దాకా పోలేదు. అల్యూమినియం రేకులు తెచ్చారు, రేకు కత్తెరతో కోశారు, స్క్రూలూ టేపూ పెట్టి తోకను పొట్టిగా, వెనక్కి ఎత్తుగా లేచేట్టు అక్కడికక్కడే కట్టేశారు. రెడ్‌మన్ బయల్దేరాడు. అంతకుముందు రెండు ల్యాప్‌లకే వెనక్కి వచ్చే మనిషి, ఈసారి ల్యాప్ మీద ల్యాప్ కొడుతూనే ఉన్నాడు. టైము సెకన్లకు సెకన్లు తగ్గింది. ఆ రేకుల తోకే మెరుగులు దిద్దుకుని 917కె అయింది. కె అంటే జర్మన్‌లో పొట్టి తోక అనే మాటకు మొదటి అక్షరం.

పొట్టి తోక సరే, పొడుగు తోక కార్లు ఎందుకు మళ్ళీ వచ్చాయి?

లే మాన్స్ కోసం. అక్కడ మ్యుల్సాన్ అనే సూటి రోడ్డు 6 కిలోమీటర్లకు కాస్త తక్కువ. 1990లో మధ్యలో రెండు వంకరలు పెట్టేదాకా అది ఏకబిగిన సాగేది. మిగతా ఏడాదంతా మామూలు ట్రాఫిక్ తిరిగే రోడ్డే అది. అంత పొడుగు రోడ్డు మీద గాలి తక్కువ అడ్డుపడే పొడుగు తోకకు లాభం ఎక్కువ. 1971 నాటికి దాన్ని కూడా లొంగదీశారు. జాకీ ఆలివర్ అందులో గంటకు 386 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వెళ్ళాడు, అదీ రాత్రిపూట కూడా నడపాల్సిన రోడ్డు మీద. అయినా రెండు గెలుపులూ పొట్టి తోకవే. 24 గంటల రేసులో వేగం కంటే నిలకడదే పైచేయి.

1970 సీజన్ ఎలా సాగింది? బ్రాండ్స్ హ్యాచ్ వాన గురించి అందరూ చెబుతారేం?

ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆ ఏడాది 10 రేసులు. ఏడింట్లో 917 గెలిచింది: డేటోనా, బ్రాండ్స్ హ్యాచ్, మోంజా, స్పా, లే మాన్స్, వాట్కిన్స్ గ్లెన్, ఓస్టర్‌రైష్‌రింగ్ (జెల్ట్‌వెగ్ దగ్గరి ట్రాకే). మలుపులెక్కువున్న టార్గా ఫ్లోరియో, నూర్‌బర్గ్‌రింగ్‌లకు పోర్షే తన చిన్న కారు 908/03ని పంపి ఆ రెండూ కొట్టుకొచ్చింది. ఫెరారీకి మిగిలింది సీబ్రింగ్ ఒక్కటే.

బ్రాండ్స్ హ్యాచ్ ఇంగ్లండ్‌లో ఉంది. ఏప్రిల్ నెల, కుండపోత వాన. మెక్సికో డ్రైవర్ పెడ్రో రోడ్రిగేజ్ ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండా ఉండగా ఓవర్‌టేక్ చేశాడని, నల్ల జెండా చూపించి పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి, పిలిచారు. రేసు అధికారి కిటికీలోంచి తల పెట్టి చీవాట్లు పెట్టాడు. రోడ్రిగేజ్ మారు మాట్లాడకుండా విని, మళ్ళీ ట్రాక్ మీదికెళ్ళాడు. ఆ తర్వాత అందరూ తడి రోడ్డు మీద నిలదొక్కుకోలేక తంటాలు పడుతుంటే, ఈయన ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయాడు. 600 హార్స్‌పవర్ బండి, రోడ్డు మీద నీళ్ళు, చుట్టూ జారిపోతున్న కార్లు. చివరికి ఐదు ల్యాప్‌ల తేడాతో గెలిచాడు. వానలో కారు నడపడం అంటే ఏమిటో అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఈ రేసే చూపిస్తారు.

లే మాన్స్ మొదట గెలిచింది నీలం రంగు గల్ఫ్ కారే కదా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గల్ఫ్ రంగుల 917 లే మాన్స్ ఎప్పుడూ గెలవలేదు.

1970లో వయర్ జట్టు మూడు కార్లు దింపితే మూడూ ఆగిపోయాయి. రోడ్రిగేజ్ కారు తొలి గంటల్లోనే పోయింది. మైక్ హెయిల్‌వుడ్ వానలో గుద్దుకున్నాడు. అందరికంటే ముందున్న సిఫెర్ పిట్స్ ముందు గేరు తప్పించి ఇంజిన్ పేల్చుకున్నాడు. ఫెరారీ పరిస్థితి ఇంకా ఘోరం, మొదటి గంటల్లోనే దాని 512 మోడల్ కార్లు నాలుగు ఒకే ప్రమాదంలో చిక్కుకున్నాయి.

గెలిచింది ఎరుపు, తెలుపు రంగుల 23 నంబరు కారు. పోర్షే సాల్జ్‌బర్గ్ జట్టుది, అంటే పియెక్ తల్లి లూయీజ్ పియెక్ నడిపే ఆస్ట్రియా కంపెనీది. ఒక రకంగా ఇంటి గొడవే. వయర్‌కి అధికారిక హోదా ఇచ్చి, పక్కనుంచి కుటుంబం తరఫున ఇంకో జట్టు దించారు. ఆయనకి ఒళ్ళు మండింది మరి, మండదా?

ఆ కారు నడిపింది హెర్మన్, ఆట్‌వుడ్. ఆట్‌వుడ్ ముందు ఏడాది అనుభవంతో, పెద్ద 4.9 ఇంజిన్ వద్దు, 4.5 ఇవ్వండి, పొట్టి తోక ఇవ్వండి అని అడిగి తీసుకున్నాడు. ప్రాక్టీసు టైములు చూసి తప్పు చేశానేమో అనుకున్నాడట. రాత్రంతా వాన దంచి కొట్టింది. గొంతు వాచి ఏమీ మింగుడు పడక, పాలు తాగి నెట్టుకొచ్చాడు. రేసయ్యాక తెలిసింది, గవదబిళ్ళలని. బయల్దేరినవి 51 కార్లు, చివరికి వర్గీకరణకి నిలిచినవి ఏడే. ముందు ఏడాది 120 మీటర్లతో ఓడిన హెర్మన్‌కి అప్పుడు 42 ఏళ్ళు. గెలిస్తే మానేస్తానని భార్యకి మాట ఇచ్చాడు. గెలిచాడు, మాట నిలబెట్టుకుని రేసులకు దండం పెట్టేశాడు.

రెండో స్థానంలో వచ్చింది ఊదా, ఆకుపచ్చ సుడుల రంగుల పొడుగు తోక 917. దానికి హిప్పీ కారని ముద్దు పేరు.

హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ లే మాన్స్ రేసు మీద తీసిన సినిమాలో నలిగిపోయినవి నిజం 917లేనా?

నడిచినవి నిజమైనవే. నలగ్గొట్టినవి మాత్రం లోలా టీ70లు, పైన 917 బాడీ తొడిగి రిమోట్‌తో తోలారు. మెక్వీన్ 1970 లే మాన్స్ రేసులో నడపలేదు. ఆయన కంపెనీ కెమెరాలు బిగించిన ఒక 908ని మాత్రం రేసులోకి దింపింది. షూటింగ్‌లో డేవిడ్ పైపర్‌కి 917లో ప్రమాదం జరిగి కాలు కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. నూర్‌బర్గ్‌రింగ్‌లో ఎవరూ ఎక్కనన్న కారుని ఎక్కిన పైపరే ఈయన.

పందిలా ఉన్న ఆ గులాబీ కారు సంగతేమిటి?

917/20. పొట్టి తోక నిలకడా, పొడుగు తోక వేగం రెండూ కలిపి తేవాలని ఫ్రాన్స్ సంస్థతో కలిసి చేసిన ప్రయోగం. వెడల్పుగా, బొద్దుగా తేలింది. దాన్ని చూసి పోర్షే డిజైన్ విభాగంవాళ్ళకి కొంటె ఆలోచన వచ్చింది. గులాబీ రంగు వేసి, కసాయి కొట్టులో వేలాడే పటంలా చుక్కల గీతలు గీసి, ఏ భాగం ఏ మాంసమో జర్మన్‌లో రాసేశారు. 1971 లే మాన్స్‌లో ఒక్కసారే రేసుకి దిగింది. బాగానే నడుస్తూ ఉండి, ఆర్నాజ్ మలుపు దగ్గర గుద్దుకుని ఆగిపోయింది. ఇన్ని గెలిచిన కార్లుండగా పిల్లలు బొమ్మల కొట్లో వెతుక్కునేది మాత్రం ఓడిన ఈ పందినే.

1971 లే మాన్స్ గెలుపులో పెట్టిన దూరం రికార్డు ఎన్నాళ్ళు నిలిచింది?

39 ఏళ్ళు. హెల్ముట్ మార్కో, గైస్ వాన్ లెనెప్ కలిసి 24 గంటల్లో 397 ల్యాప్‌లు, 5335 కిలోమీటర్లు నడిపారు. సగటు గంటకు 222 పైచిలుకు. పెట్రోలు పోయించుకోవడాలు, టైర్లు మార్చడాలు అన్నీ కలుపుకునే సుమా. ఆదిలాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా పోయే మన 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా దాదాపు 4000 కిలోమీటర్లు. అది మొత్తం పోయి, వెయ్యి కిలోమీటర్లకు పైగా వెనక్కి వచ్చినట్టు, ఒక పగలూ ఒక రాత్రిలో. 2010లో ఆడి కంపెనీ కారు దాన్ని దాటింది.

మార్టిని అనే మద్యం కంపెనీ రంగులు వేసుకున్న ఆ 22 నంబరు కారు గూడు అల్యూమినియం కాదు, మెగ్నీషియం. ఇంకా తేలిక, అంటుకుంటే ఆర్పడం మహా కష్టం. ఆ సంగతి తమకు ముందు చెప్పలేదని మార్కో తర్వాత చెప్పాడు. చెప్పి ఉంటే ఎక్కేవాడా? ఈ మార్కోయే తర్వాత రెడ్‌బుల్ ఫార్ములా వన్ జట్టు సలహాదారుగా అందరికీ తెలిసిన పెద్దమనిషి.

అదే ఏడాది జులైలో రోడ్రిగేజ్, అక్టోబరులో సిఫెర్, ఇద్దరూ వేరే కార్ల రేసుల్లో చనిపోయారు. 917లో పోటీపడి ఒకరినొకరు రాసుకుంటూ నడిపిన ఇద్దరు.

ఇంత గెలిచాక ఎందుకు ఆపేశారు?

ఆపించారు. 1972 నుంచి 5 లీటర్ల కార్లకు చాంపియన్‌షిప్‌లో చోటు లేదు, అందరికీ 3 లీటర్లే. పోర్షే సామాన్లు సర్దుకుని అమెరికా వెళ్ళింది. అక్కడ కాన్-ఆమ్ రేసుల్లో ఇంజిన్‌కి హద్దు లేదు. పైకప్పు తీసేసి, టర్బో బిగించి, రోజర్ పెన్‌స్కీ జట్టుకి ఇచ్చారు. 1972లో జార్జ్ ఫాల్మర్ 917/10తో చాంపియన్. 1973లో మార్క్ డొనాహ్యూ 917/30తో ఎనిమిదింట్లో ఆరు రేసులు గెలిచాడు. దాని శక్తి 1100 హార్స్‌పవర్. మిగతావాళ్ళు పోటీకి రావడమే దండగ అనుకునే పరిస్థితి. 1974లో పోర్షే అమ్మకానికి పెట్టిన 911 టర్బోకి పాఠాలు అక్కడివే.

1981లో నిబంధనలు మళ్ళీ వీలిచ్చేసరికి క్రెమర్ జట్టు కొత్తగా ఒక 917 కట్టి లే మాన్స్ తెచ్చింది. పదేళ్ళ పాత బండి, కాలం మారిపోయింది. మధ్యలోనే ఆగిపోయింది.

917ని రోడ్డు మీద నడిపినవాళ్ళున్నారా?

ఉన్నారు. మార్టిని కుటుంబానికి చెందిన కౌంట్ రోసీ తన కోసం ఒకటి కావాలన్నాడు. వెండి రంగు వేయించి, లోపల తోలు సీట్లు పెట్టించి, సైలెన్సర్లు బిగించారు. యూరప్‌లో రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోతే అమెరికాలోని అలబామా రాష్ట్రం నంబరు ప్లేటు ఇచ్చింది. 1975లో ఆయన దాన్ని స్టుట్‌గార్ట్ నుంచి ప్యారిస్ దాకా రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్ళాడు. టోల్‌గేటు దగ్గర చిల్లర తీసుకునే మనిషి మొహం ఎలా ఉండి ఉంటుందో.

ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, ఎంత పలుకుతాయి?

అన్ని రకాలూ కలిపి పోర్షే చేసినవి 65. కొన్ని గుద్దుకుని పోయాయి, కొన్ని విడి భాగాలై వేరే కార్లలో కలిసిపోయాయి. స్పాలో ఒక్క ల్యాప్‌కే ఆగిపోయిన కారు, ఫ్యాక్టరీ వేసిన గూడు నంబరు 024, 2017లో అమెరికాలో వేలానికి వచ్చి 1.4 కోట్ల డాలర్లకు పైగా పలికింది.

పోర్షే మ్యూజియంలో 1970 గెలుపు కారుతో ఫొటో దిగాను. అది అసలుదేనా?

ఏ ఏడాది దిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. అసలు గెలిచిన కారు గూడు నంబరు 023, అది ప్రైవేటు చేతుల్లోకి వెళ్ళిపోయింది. మ్యూజియంలో ఏళ్ళ తరబడి ఎరుపు, తెలుపు రంగుల్లో, 23 నంబరుతో నిలబడ్డది 001. అంటే జెనీవాలో తెరతీసి చూపించిన మొట్టమొదటి 917. గెలుపు తర్వాత దానికి పొట్టి తోక పెట్టి, రంగులు మార్చి ప్రదర్శనలకు తిప్పారు. 50 ఏళ్ళ పండుగకి, 2019లో, ఆ రంగులన్నీ గీకేసి, పొడుగు తోక మళ్ళీ కట్టి, మొదటి రోజు నాటి తెలుపు, ఆకుపచ్చల్లోకి తెచ్చారు. ఆ ముందు మీరు వెళ్ళి ఉంటే, ఫొటోలో మీ పక్కనున్నది లే మాన్స్ గెలిచిన కారు కాదు, దాని పెద్దన్న.